20 దీనార్ల పెట్రోలు

2005 డిసెంబరు దాకా ఇరాక్ బంకుల్లో లీటరు మామూలు పెట్రోలు 20 దీనార్లు. అప్పటి డాలరు లెక్కలో సెంటున్నర కూడా కాదు. కాకపోతే ఆ ధరకు దొరకాలంటే గంటలకొద్దీ, ఒక్కోసారి రాత్రంతా క్యూలో కారు పెట్టుకుని కాచుకోవాలి. ఆగలేనివాళ్లు రోడ్డు పక్కన క్యాన్లతో నిలబడ్డ కుర్రాళ్ల దగ్గర ఎన్నో రెట్లు పోసి కొనుక్కునేవారు.

చమురు మీద కూర్చున్న దేశంలో పెట్రోలుకు కరువేమిటి? భూమిలో ఉండేది ముడి చమురు, బండిలో పోసేది పెట్రోలు. ఆ రెండింటి మధ్య రిఫైనరీ ఉంటుంది. ఇరాక్‌లో యుద్ధాల దెబ్బ గట్టిగా తగిలింది అక్కడే.

1927లో కిర్కుక్ దగ్గర బాబా గుర్గుర్‌లో చమురు ఎగజిమ్మాక చాలాకాలం పెత్తనం విదేశీ కంపెనీలదే. 1972 జూన్ 1న ఇరాక్ పెట్రోలియం కంపెనీని జాతీయం చేశారు. ఓటుకు విలువలేని పాలనలో, చమురు సొమ్ములో జనం చేతికి నేరుగా అందిన వాటా ఈ చౌక పెట్రోలే అనిపిస్తుంది నాకు. అందుకే దాన్ని ముట్టుకోవడం అంత కష్టమైంది.

1980-88లో ఇరాన్‌తో యుద్ధం, 1991 గల్ఫ్ యుద్ధంలో బాంబులు, ఆపైన పన్నెండేళ్లకు పైగా ఐక్యరాజ్యసమితి ఆంక్షలు. విడిభాగాలు రాక ఒక యంత్రం విప్పి ఇంకోదానికి బిగించి నెట్టుకొచ్చారు. 2003లో అమెరికా దండెత్తి వచ్చాక, ఏప్రిల్‌లో బాగ్దాద్ మ్యూజియం లూటీ అవుతుంటే అమెరికా సైనికులు చమురు మంత్రిత్వ శాఖకు మాత్రం కాపలా కాశారు. ఆఫీసు మిగిలింది గానీ పైపులైన్లు పేలుతూనే ఉన్నాయి. కరెంటు లేక రిఫైనరీలు ఆగేవి, ఇంధనం లేక కరెంటు కేంద్రాలు ఆగేవి. దానికి తోడు సెకండ్‌హ్యాండ్ కార్లు, ఇంటింటికీ జనరేటర్లు వచ్చి వాడకం పెరిగింది. చివరికి కువైట్, టర్కీల నుంచి పెట్రోలు తెప్పించాల్సి వచ్చింది. కువైట్ నుంచి తెచ్చిన అమెరికా కాంట్రాక్టు కంపెనీ కేబీఆర్ 6.1 కోట్ల డాలర్లు ఎక్కువ వసూలు చేసి ఉండొచ్చని 2003 డిసెంబరులోనే పెంటగాన్ ఆడిటర్లు తేల్చారు. అలా కొన్నదాన్ని బంకులో మళ్లీ అదే 20 దీనార్లకు పోశారు! పక్క దేశాల్లో ధర ఎక్కువ కాబట్టి సరిహద్దు దాటించినవాడికి పండగే.

ఇక అప్పుల సంగతి. 2004 నవంబరులో పారిస్ క్లబ్ (అప్పులిచ్చిన దేశాల బృందం) దేశాలు ఇరాక్ బాకీలో 80 శాతం మాఫీకి ఒప్పుకున్నాయి, కానీ మూడు విడతల్లో. రెండో విడత రావాలంటే అంతర్జాతీయ ద్రవ్య నిధి(ఐఎంఎఫ్)తో ఒప్పందం కుదరాలి. ఐఎంఎఫ్ అడిగినవాటిలో ముఖ్యమైనది ఇంధన సబ్సిడీ కోత. 2005 డిసెంబరు 15న పార్లమెంటు ఎన్నికల పోలింగ్. అది ముగిసిన నాలుగైదు రోజులకే లీటరు ధర 100 దీనార్లు దాటింది. ఎన్నికలయ్యాక పెట్రోలు పెరగడం మనకు కొత్త కాదు గానీ, ఒక్క దెబ్బకు ఐదు రెట్లంటే మాటలా? చమురు మంత్రి ఇబ్రహీం బహర్ అల్ ఉలూమ్ వ్యతిరేకిస్తే సెలవు మీద పంపించి, ఆ కుర్చీలో తాత్కాలికంగా ఉప ప్రధాని అహ్మద్ చలాబీని కూర్చోబెట్టారు. అదే సమయంలో ట్యాంకర్ డ్రైవర్లకు బెదిరింపులు రావడంతో దేశంలోకెల్లా పెద్దదైన బైజీ రిఫైనరీ మూతపడింది. సబ్సిడీ స్మగ్లర్లకే లాభమన్న ఐఎంఎఫ్ లెక్క తప్పు కాదు. అయితే సరుకే దొరకని రోజుల్లో ధర పెంచితే జనానికి ఒళ్లు మండదా? వీధుల్లో నిరసనలు జరిగాయి. తర్వాత లీటరు ధర విడతలవారీగా 450 దీనార్లకు చేరి, ఏళ్లతరబడి దాదాపు అక్కడే ఆగింది.

బైజీకి ఇంకో గండం మిగిలే ఉంది. 2014 జూన్‌లో ఐసిస్ దాడి చేసింది. 2015 అక్టోబరులో ప్రభుత్వ బలగాలు తిరిగి పట్టుకునేసరికి కాలిన ట్యాంకులు మిగిలాయి, యంత్రాలను ఎవరెవరో విప్పుకుపోయారు. పోయిన సామానులో కొంత దొరికిందని ప్రధాని సుదానీ ప్రకటించింది 2023లో. అదే ఏడాది కర్బలాలో రోజుకు 1,40,000 బ్యారెళ్ల కొత్త రిఫైనరీ మొదలైంది. 2024 ఫిబ్రవరిలో బైజీలోనూ ఓ పెద్ద యూనిట్‌ను మళ్లీ నడిపించారు.