పల్లె సర్కారు బడి: అపోహలు - వాస్తవాలు

అపోహ: ‘పదో తరగతి ఫలితం 100 నుంచి 87కి పడిపోయింది. ఆ బడి చెడింది.’

వాస్తవం: ముందు పరీక్ష ఎంతమంది రాశారో అడగండి. 8 మంది రాసిన చోట ఒక్కరు లెక్కల్లో తప్పితే ఉత్తీర్ణత 87.5 శాతం. అదే 80 మంది రాసే బడిలో ఒకరు తప్పితే తగ్గేది 1.25 శాతమే. చిన్న బడి గురించి ఏమైనా అనాలంటే మూడు నాలుగేళ్ల పిల్లలను కలిపి లెక్కేయాలి.

ప్రాథమిక బడి సంగతైతే ఇంట్లోనే తేలుతుంది. ఐదో తరగతి పిల్లకు రెండో తరగతి తెలుగు వాచకం ఇచ్చి ఒక పేజీ చదివించండి. మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించమనండి. తడబడితే ఎక్కడో గమనించండి: గుణింతాల దగ్గరా, ఒత్తుల దగ్గరా, తీసివేతలోనా? ‘చదువు రావట్లేదు’ అంటే టీచరు చేయగలిగేది తక్కువ. ‘ఒత్తులు రావట్లేదు’ అంటే రేపే మొదలుపెట్టొచ్చు.

అపోహ: ‘20 మందికి ఇద్దరు టీచర్లు, ఇంక పనేముంది?’

వాస్తవం: విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక బడిలో 60 మంది దాకా ఇద్దరే. తరగతులు మాత్రం ఐదు. 1, 2 తరగతులకు మూడేసి, 3 నుంచి 5 దాకా నాలుగేసి, మొత్తం 18 సబ్జెక్టులు. ఒకరు మీటింగుకు వెళ్తే అన్నీ రెండోవారి మీదే. ఒక తరగతికి చెబుతున్నంతసేపూ మిగతా నాలుగింటికీ రాతపని ముందే సిద్ధంగా ఉండాలి. చాలాచోట్ల దెబ్బతినేది ఇక్కడే.

అపోహ: ‘తల్లికి వందనం సర్కారు బడి పిల్లలకే.’

వాస్తవం: బడికెళ్లే పిల్లల తల్లుల ఖాతాలో డబ్బు వేసే ఈ పథకం ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు బడి పిల్లల తల్లులకూ వస్తుంది.

అపోహ: ‘టీసీ లేనిదే చేర్చుకోరు.’

వాస్తవం: ఎనిమిదో తరగతి దాకా టీసీ ఆలస్యమైందనో, వయసు పత్రం లేదనో సర్కారు బడి కాదనకూడదు. అసలు చిక్కు ఆన్‌లైన్‌లో. దేశంలోని బడుల, పిల్లల వివరాలుండే యూడైస్ ప్లస్ పోర్టల్‌లో పాత బడి పేరు వదిలితేనే కొత్త బడి పెన్ నంబరుతో (ప్రతి విద్యార్థికీ ఇచ్చే శాశ్వత సంఖ్య) చేర్చుకోగలదు. అందాకా పిల్లాడు బడిలో కూర్చున్నా లెక్కలో ఉండడు. ఆ లెక్కను బట్టే బడి ఖర్చులకు వచ్చే సమగ్ర శిక్ష పథకం గ్రాంటు 30 మంది దాకా ఏడాదికి 10,000 రూపాయలు, ఆపైన 100 దాకా 25,000. అంటే 31వ పేరు పడకపోతే సుద్దముక్కలకూ కరెంటు బిల్లుకూ 15,000 తగ్గినట్టే. ఫీజు బాకీ ఉందని పాత బడి పేరు వదలకపోతే పెన్ నంబరు రాసి ఎంఈవోకు (మండల విద్యాధికారికి) దరఖాస్తు ఇవ్వండి, నకలు మీద సంతకం తీసుకోండి.