ఆలస్యం కాపాడిన ఓడ

పచ్చి కలపతో తలుపులు చేయించుకున్నవాళ్లకు ఆ బాధ తెలుసు. మొదటి వానాకాలం తలుపు బిగుసుకుపోతుంది. ఎండలు ముదిరేసరికి పలకల మధ్య వేలు దూరేంత సందు పడుతుంది. అందుకే మంచి వడ్రంగి కలపను బాగా ఆరనిచ్చాకే ఉలి పడతాడు. ఒక్క తలుపుకే ఇంత ఉంటే, దాదాపు 6,000 చెట్లు కొట్టి కట్టిన యుద్ధనౌక సంగతేమిటి?

ఆ ఓడ పేరు హెచ్.ఎం.ఎస్. విక్టరీ, బ్రిటిష్ నౌకాదళానిది. దీని గురించి చెప్పేవాళ్లు సాధారణంగా ఫ్రాన్స్, స్పెయిన్ నౌకలను బ్రిటన్ ఓడించిన 1805 నాటి ట్రఫాల్గర్ యుద్ధంతో, అందులో బ్రిటిష్ దళానికి నాయకుడైన అడ్మిరల్ నెల్సన్ మరణంతో మొదలుపెడతారు. నన్ను మాత్రం దాని కలప కథే ఎక్కువగా లాగుతుంది. ఆ కలప నిలబడకపోతే 1805 దాకా ఆ ఓడే ఉండేది కాదు.

1759 జూలై 23న ఇంగ్లండ్‌లో ఓడలు కట్టే చాథమ్ డాక్‌యార్డులో పని మొదలైంది. నమూనా గీసినవాడు సర్ థామస్ స్లేడ్. ముందుగా ఓడ పొడవునా వెన్నెముకలా ఉండే కీల్ దూలం వేశారు. దానికి ఎల్మ్ కలప వాడారు. ఎప్పుడూ నీళ్లలోనే మునిగి ఉంటే ఎల్మ్ చాలాకాలం కుళ్లదు. దానిపైన పక్కటెముకల్లా నిలబెట్టిన వాసాలు మాత్రం ఓక్ అనే గట్టి కలప.

ఈ వాసాలను ఎంచుకోవడంలోనే ఆనాటి పనివాళ్ల నేర్పంతా కనిపిస్తుంది. ఓడ పొట్ట వంపుగా ఉంటుంది. నిటారు దుంగను వంపుగా చెక్కితే నారలు మధ్యలో తెగి, చెక్క బలం పోతుంది. అందుకని వంపుగా పెరిగిన చెట్లనే వెతికేవారు. ఓడ పక్కకూ పైఅంతస్తు దూలానికీ మధ్య మూలకట్టు కావాలంటే, మాను నుంచి లావాటి కొమ్మ చీలే చోటును అలాగే కోసి తెచ్చేవారు. అక్కడ నారలు సహజంగానే మలుపు తిరిగి ఉంటాయి కాబట్టి ఎక్కువ బరువు పడినా తేలిగ్గా విరగదు.

అస్థిపంజరం నిలబడ్డాక, పలకలు కొట్టకుండా కలపను ఆరడానికి వదిలేస్తారు. మామూలుగా కొన్ని నెలలు చాలు. విక్టరీని మాత్రం దాదాపు మూడేళ్లు వదిలేశారు. ఫ్రాన్స్‌తో నడుస్తున్న ఏడేళ్ల యుద్ధం బ్రిటన్‌కు అనుకూలంగా తిరగడంతో కొత్త ఓడ కోసం తొందర లేకపోయింది. ఎవరూ కావాలని చేసింది కాదు, కానీ ఆ ఓడకు అంతకంటే మేలు ఇంకొకటి జరగలేదనే నా అభిప్రాయం. తేమ నిదానంగా పోయి ఓక్ చేవదేరింది.

1765 మే 7న నీళ్లలోకి దించే సమయానికి ఒక చిక్కు వచ్చిందంటారు. డాక్ గేటు కంటే ఓడ తొమ్మిదిన్నర అంగుళాలు వెడల్పుగా ఉందట. అందుబాటులో ఉన్న వడ్రంగులందరూ బాడిసలు పట్టుకుని గేటు కొయ్యలను చెక్కి దారి చేశారట. అప్పటికి అయిన ఖర్చు 63,176 పౌండ్లు. అంత ఖర్చు పెట్టినా యుద్ధం లేదు కాబట్టి, 1778 దాకా ఓడను వాడకుండా లంగరు వేసి ఉంచారు.

సముద్రంలోకి వెళ్లాక అసలు శత్రువు ఓడపురుగు. పేరుకు పురుగే కానీ, నిజానికి అది ఆల్చిప్పల జాతి జీవి. తలవైపున్న చిన్న చిప్పలతో చెక్కను తొలుస్తూ లోపలికి పోతుంది. బయట సూది మొనంత రంధ్రం, లోపలంతా గుల్ల. దీన్ని ఆపడానికి 1780లో ఓడ అడుగుభాగమంతా రాగి రేకులు కొట్టారు. ఒకటీ రెండూ కాదు, దాదాపు 3,900 రేకులు. నాచు పట్టడం కూడా తగ్గి ఓడలు వేగంగా నడిచాయి.

అయితే రాగి ఇంకో సమస్య తెచ్చింది. ఉప్పునీటిలో రాగి, ఇనుము ఒకదానికొకటి తగిలితే బ్యాటరీలా పనిచేస్తాయి. అందులో కరిగిపోయేది ఇనుమే. అంటే పలకలను పట్టి ఉంచే ఇనుప బోల్టులు కంటికి కనిపించకుండా తినుకుపోయేవి. చివరికి బోల్టులు కూడా రాగి మిశ్రమలోహంతోనే చేయాల్సి వచ్చింది. బ్యాటరీ అనేది ఇంకా ఎవరూ తయారు చేయని రోజుల్లోనే ఓడల పనివాళ్లు ఈ పాఠం నేర్చుకోవాల్సి వచ్చింది.

1797లో పోర్చుగల్ తీరంలోని సెయింట్ విన్సెంట్ అగ్రం దగ్గర స్పెయిన్ నౌకలతో పోరాడాక విక్టరీ పని అయిపోయిందనుకున్నారు. యుద్ధఖైదీల ఆసుపత్రిగా మార్చేశారు. 1799లో ఇంప్రెగ్నబుల్ అనే మరో పెద్ద ఓడ నాశనం కావడంతో మళ్లీ దీని అవసరం పడింది. 1800 నుంచి 1803 దాకా సాగిన మరమ్మతుకు 70,933 పౌండ్లు అయ్యాయి, అంటే కట్టినదానికంటే ఎక్కువ.

ట్రఫాల్గర్‌లో ఆ ఓక్ గోడల మధ్య 821 మంది ఉన్నారు. ఫిరంగి గుండు కంటే, అది తగిలి గోడలోంచి ఎగిరే చెక్క పేళ్లే మనుషుల్ని ఎక్కువగా గాయపరిచేవి. చుక్కాని చక్రం గుండు దెబ్బకు ఎగిరిపోయింది. కింది అంతస్తులో నావికులు తాళ్లు పట్టి లాగుతూ ఓడను తిప్పారు. నెల్సన్‌తో కలిపి 57 మంది చనిపోయారు. ఓడ మాత్రం మునగలేదు.

1922 నుంచి విక్టరీ ఇంగ్లండ్‌లోని పోర్ట్స్‌మత్ రేవులో, నీళ్లు తోడేసిన పొడి డాక్‌లో ఉంది. నీళ్లలో ఉన్నప్పుడు చుట్టూ ఉన్న నీరే ఓడ బరువును సమంగా మోసేది. నేల మీద ఆ బరువు కొన్ని ఆసరాల మీదే పడింది, వందేళ్లలో పొట్ట మెల్లగా కిందికి, పక్కలకు జారింది. ఇటీవల పాత ఆసరాలు తీసేసి, ఒక్కోదాని మీద ఎంత బరువు పడుతోందో కొలిచే 134 కొత్త ఆసరాలు పెట్టారు. 2022లో పైపలకలు విప్పడం మొదలుపెట్టారు. ఇరవయ్యో శతాబ్దపు మరమ్మతుల్లో వేసిన చెక్క బూజుకు, కలప తొలిచే పెంకుపురుగులకు పుచ్చిపోయింది. దాని స్థానంలో ఇప్పుడు మళ్లీ ఓక్ పలకలే వేస్తున్నారు.