గోల్ఫ్ కోర్సు గడ్డి, మిషన్లు: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో గోల్ఫ్ కోర్సు గడ్డి, మిషన్ల పని చూసేవాడిగా నాకు తరచూ వినపడే మాటలివి. ఆడేవాళ్లు అంటారు, కొత్తగా పనిలో చేరిన కుర్రాళ్లూ అంటారు. వీటిని నమ్మి పని వాయిదా వేస్తే దెబ్బ తినేది గడ్డే. అందుకే విడమరిచి రాస్తున్నాను.

అపోహ: ఇది విదేశీ గడ్డి, మన ఎండలకు తట్టుకోదు.

మన కోర్సుల్లో ఎక్కువగా ఉండేది బెర్ముడా. వినాయక చవితి పూజలో వాడే గరిక జాతే అది. గ్రీన్‌ల మీద, అంటే బంతిని గుంతలోకి దొర్లించే పొట్టి గడ్డి జాగాల మీద, వేసే టిఫ్‌డ్వార్ఫ్, టిఫ్‌ఈగిల్ లాంటివి అమెరికాలోని జార్జియా రాష్ట్రం నుంచి వచ్చిన సంకర రకాలు. వీటికి విత్తనం రాదు, తీగ ముక్కలు నాటే పెంచాలి. నీరు సరిపడా ఉంటే 30 డిగ్రీలు దాటిన వేడిలో జోరుగా పాకుతాయి. వీటికి పడనివి చెట్ల నీడ, వారాల తరబడి వీడని వాన ముసురు, డిసెంబరు-జనవరి రాత్రుల చలి.

అపోహ: గ్రీన్‌కు చిల్లులు పొడిస్తే బాగున్న గడ్డి పాడవుతుంది. తప్పదంటే ఆట తక్కువగా ఉండే ముసురు రోజుల్లో చేసుకోవాలి.

మాకు అన్నిటికంటే ఎక్కువ ఫిర్యాదులు వచ్చేది దీని మీదే. పద్ధతి ప్రకారం కట్టిన గ్రీన్‌లో గడ్డి కింద సుమారు 30 సెంటీమీటర్ల ఇసుక పొర ఉంటుంది. రోజులు గడిచేకొద్దీ దాని మీద చచ్చిన కాడలు, వేర్లు పేరుకుంటాయి. దాన్ని థ్యాచ్ అంటాం. అది మందమైతే నీరు పైనే నిలుస్తుంది, వేర్లు కిందికి దిగవు, శిలీంధ్రాలకు చోటు దొరుకుతుంది. పైకి మాత్రం గ్రీన్ పచ్చగానే కనిపిస్తుంది!

నమ్మకం కుదరనివాళ్లకు నేను ఒక మట్టి ముక్క తీసి చేతిలో పెడతాను. పైన వేలితో నొక్కితే మెత్తగా దిగే గోధుమరంగు పొర ఉంటుంది. దాని కింద నల్లటి చార కనిపించి, కుళ్లిన కోడిగుడ్డు వాసన వచ్చిందంటే లోపల గాలి ఆడటం లేదన్నమాట. బోలు మేకులతో ఆ ముక్కలు లాగేసి, చిల్లులను ఇసుకతో నింపడమే దీనికి మందు.

గడ్డి బాగా ఎదిగే రోజుల్లో చేస్తేనే ఆ గాయాలు రెండు మూడు వారాల్లో పూడతాయి. నా లెక్కన రోహిణి కార్తెకు ముందు ఒకసారి, ఆగస్టు-సెప్టెంబరులో వాన తెరిపి ఇచ్చినప్పుడు ఇంకోసారి. చలికాలంలో చేస్తే చిల్లులు అలాగే నోళ్లు తెరుచుకుని ఉంటాయి. ముసురులో ఇసుక తడిసి ముద్దయి చిల్లుల్లోకి దిగదు. అందుకే మృగశిర రాకముందే ఇసుక ఆరబెట్టి, షెడ్డులో టార్పాలిన్ కప్పి ఉంచుకోవాలి. పోటీల క్యాలెండర్ వేసేటప్పుడే కమిటీలు ఈ రెండు తేదీలను గడ్డికి వదిలిపెడితే ఎంత మేలో చెప్పలేను.

అపోహ: ఎంత కిందికి కోస్తే గ్రీన్ అంత స్పీడు.

గ్రీన్ స్పీడు అంటే దాని మీద బంతి దొర్లే వేగం. ఈ మాట కొంతవరకు నిజమే. కానీ 3 మిల్లీమీటర్ల దగ్గర కోసే గడ్డికి ఎండ అందుకునే ఆకే అతి తక్కువ. మబ్బు రోజుల్లో ఇంకా తగ్గిస్తే నాచు పడుతుంది. వానాకాలంలో అర మిల్లీమీటరైనా పెంచి, వేగం కోసం రోలర్ తిప్పుకోవడం మంచిది.

అపోహ: కొసలు తెల్లబడ్డాయంటే ఎరువు చాలలేదు.

ముందు మోకాళ్ల మీద కూర్చుని ఆకు కొస చూడండి. తెగిన చోటు సాఫీగా లేక పీచులా చీలి ఉంటే ఎరువు బస్తా ముట్టుకోకండి, తప్పు మిషన్‌ది. గ్రీన్ గడ్డి కోసే రీల్ మిషన్ కత్తెరలా కోస్తుంది. తిరిగే బ్లేడు (రీల్), కింద కదలకుండా ఉండే బెడ్‌నైఫ్, రెండూ సరిగ్గా కలవాలి. ఇంజిన్ ఆపి, గ్లౌజులు వేసుకుని, రీల్‌ను చేత్తో తిప్పుతూ న్యూస్‌పేపర్ ముక్క పెట్టి చూడాలి. ఈ చివర నుంచి ఆ చివర దాకా కాగితం తెగాలి. ఎక్కడ మడత పడిందో అక్కడే లోపం. ఇసుక చల్లాక మొదటి కొన్ని కోతలకు పాత రీళ్లే వాడండి. కొత్తగా సానపట్టినవి పెడితే ఇసుక వాటి పదునును ఒక్క పూటలో తినేస్తుంది.

అపోహ: ఎండాకాలం రోజూ సాయంత్రం నీళ్లు పెట్టాలి.

తెల్లవారుజామున పెట్టండి. రాత్రంతా ఆకు తడిగా ఉంటే తెగుళ్లు వస్తాయి. శుద్ధి చేసిన మురుగునీరు వాడే చోట ఉప్పు పేరుకుంటుంది కాబట్టి, అప్పుడప్పుడు నిండుగా పారించి దాన్ని వేర్ల కిందికి దించాలి.

అపోహ: పని అయ్యాక ప్రెషర్ వాటర్‌తో కడిగేస్తే మెయింటెనెన్స్ అయిపోయినట్టే.

ఆ ధార నేరుగా బేరింగుల మీద కొడితే నీళ్లు సీళ్లు దాటి లోపలికి పోతాయి, గ్రీజు కొట్టుకుపోతుంది. ముందు గాలితో గడ్డి ఊదేసి, తర్వాత మామూలు ధారతో కడిగి, గ్రీజు కొట్టాలి. వానాకాలంలో డీజిల్ ట్యాంకు సగం ఖాళీగా వదలకండి, లోపలి గాలిలోని తేమ నీరై డీజిల్‌లోకి దిగుతుంది.

మిషన్‌లో ఒత్తిడితో నూనె పారే హైడ్రాలిక్ గొట్టాలను మాత్రం రోజూ మిషన్ తీసేముందు చూడాల్సిందే. చిన్న పగులు ఉన్నా కాగిన నూనె కారి, మిషన్ వెళ్లిన దారంతా గడ్డి గీతలా మాడిపోతుంది. వెంటనే సబ్బునీళ్లు పోసినా వేడికి కాలిన ఆకు తిరిగి రాదు. పక్క నుంచి గడ్డి పాకి ఆ గీత మూయాలి, లేదా నర్సరీ గ్రీన్ (ఇలాంటి అతుకుల కోసమే విడిగా పెంచే గడ్డి మడి) నుంచి ముక్క కోసి తెచ్చి వేయాలి. చలికాలంలో కారితే ఆ మచ్చ ఎండలు ముదిరేదాకా అలాగే ఉంటుంది.