సోనార్ రేంజి: లోతును అడిగి పెట్టాల్సిన అంకె

నీటిలో మునిగిన చెట్టు పక్క నుంచి పడవ మెల్లగా సాగుతోంది. పడవకు రెండు పక్కలా ధ్వనిని పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనితో నీటి అడుగు నేలను తెర మీద బొమ్మగా చూపే పరికరం సైడ్ ఇమేజింగ్ సోనార్. అది ఎంత దూరం దాకా చూడాలో చెప్పే అంకె, అంటే రేంజి, ఇరువైపులా 80 మీటర్లకు పెట్టి ఉంది. తెర మీద ఆ చెట్టు గోరంత మచ్చ, బండరాయి అన్నా నమ్మవచ్చు. రేంజిని 25 మీటర్లకు తగ్గించి అదే దారిలో మళ్లీ వెళ్తే మోడు కనిపిస్తుంది, దాని నుంచి చీలిన కొమ్మలు కనిపిస్తాయి. కొమ్మల సందుల్లో తెల్లని చుక్కలు మెరుస్తాయి. అవి చేపలు.

కొత్తగా సోనార్ బిగించుకున్నవారిలో చాలామంది రేంజిని వీలైనంత పెంచేస్తారు. ఎంత దూరం చూస్తే అంత లాభం అనుకోవడం సహజమే. కానీ రేంజి పెంచినంత మాత్రాన తెర పెద్దది కాదు, అదే తెరలో ఎక్కువ నేలను కుక్కుతున్నామంతే. ఒక్కో వైపుకు 500 పిక్సెళ్లు ఉన్నాయనుకుందాం. 25 మీటర్ల రేంజిలో ఒక్కో పిక్సెల్ 5 సెంటీమీటర్లను చూపుతుంది, 80 మీటర్లలో 16 సెంటీమీటర్లను. పడవకు అడ్డంగా ఉన్న 30 సెంటీమీటర్ల చేపకు మొదటి దానిలో ఆరు పిక్సెళ్లు దక్కుతాయి. రెండో దానిలో రెండే.

కాలం లెక్క ఇంకా కఠినం. నీటిలో ధ్వని సెకనుకు సుమారు 1,500 మీటర్లు ప్రయాణిస్తుంది. తెర అంచున ఉన్న నేల నుంచి ప్రతిధ్వని తిరిగి వచ్చేదాకా సోనార్ తర్వాతి ధ్వనిని వదలకుండా ఆగాలి. 25 మీటర్లకు పోయి రావడమంటే 50 మీటర్లు, అంటే సెకనులో ముప్పయ్యో వంతు. 80 మీటర్లకైతే సెకనులో తొమ్మిది ధ్వనులే సాధ్యం. గంటకు 7 కిలోమీటర్ల వేగంతో పోతున్న పడవ రెండు ధ్వనుల మధ్య మొదటి సందర్భంలో 7 సెంటీమీటర్లు, రెండో సందర్భంలో 21 సెంటీమీటర్లు ముందుకు జరిగిపోతుంది. పైగా ధ్వనిపుంజం విసనకర్రలా దూరం పోయేకొద్దీ మందమవుతుంది. ఒక డిగ్రీ పుంజం 80 మీటర్ల దగ్గర 1.4 మీటర్ల మందం ఉంటుంది. పడవ నడిచే దిశలో ఒకదాని వెనక ఒకటి, అంతకంటే దగ్గరగా ఉన్న రెండు రాళ్లు అక్కడ ఒకే రాయిగా కలిసిపోతాయి.

అలాగని రేంజిని మరీ తగ్గించడమూ పనికిరాదు. తెర నడుమ కనిపించే నల్లని పట్టీ పడవ కింది నీరు. నేల నుంచి తొలి ప్రతిధ్వని వచ్చేదాకా అక్కడ చూపడానికి నేల ఉండదు. 20 మీటర్ల లోతులో 25 మీటర్ల రేంజి పెడితే తెరలో అయిదింట నాలుగు వంతులు ఆ నీరే. పక్కకు కనిపించే నేల 15 మీటర్లే.

ఇక 2 మీటర్ల లోతులో 80 మీటర్లు పెడితే ధ్వని దూరపు నేలను ఒకటిన్నర డిగ్రీల కోణంలో రాసుకుంటూ పోతుంది. అందులో చాలా భాగం ముందుకే జారిపోతుంది, వెనక్కి వచ్చేది అత్యల్పం.

అందుకే రేంజిని లోతును బట్టి నిర్ణయించాలంటాను. సముద్రగర్భాన్ని సర్వే చేసేవారు తాడు కట్టి లాగే సోనార్‌ను నేల నుంచి రేంజిలో 10 నుంచి 20 శాతం ఎత్తులో ఉంచుతారు. చేపల పడవలో ట్రాన్స్‌డ్యూసర్ (ధ్వనిని వదిలి ప్రతిధ్వనిని అందుకునే భాగం) పడవకే బిగించి ఉంటుంది, కిందికి దించలేం. కాబట్టి అదే సూత్రాన్ని తిరగేసుకోవాలి: లోతుకు 5 నుంచి 10 రెట్లు రేంజి. 4 మీటర్ల లోతుకు 20 నుంచి 40 మీటర్లు. లోతు బాగా పెరిగితే ఈ లెక్క చెల్లదు, ఎందుకంటే ధ్వని అంత దూరం నిలవదు. 455 కిలోహెర్ట్జ్ ధ్వని కంటే, పౌనఃపున్యం ఎక్కువైన 1.2 మెగాహెర్ట్జ్ ధ్వని తొందరగా నీరసిస్తుంది. ఉప్పునీటిలో మెగ్నీషియం సల్ఫేట్ దాన్ని మరింత మింగేస్తుంది. తెర అంచుల్లో నేల గరుకుదనం మాయమై ఇసుక చల్లినట్టు ఒకే రకం చుక్కలు కనిపిస్తే అది నేల కాదు, రొద. గరుకుదనం తిరిగి కనబడేదాకా రేంజి తగ్గించండి.

ఈ తెరలో అన్నిటికంటే విలువైనవి నీడలని నా నమ్మకం. ధ్వని చేరని చోట నల్లని నీడ పడుతుంది. 6 మీటర్ల లోతులో ఒక వస్తువు నీడ పొడవు 4 మీటర్లు, నీడ చివర సోనార్ నుంచి 24 మీటర్ల దూరంలో ఉందనుకుందాం. 4ను 6తో గుణించి 24తో భాగిస్తే వస్తువు ఎత్తు: ఒక మీటరు. రేంజి అతిగా పెంచితే ఈ నీడ కొన్ని పిక్సెళ్లకు కుంచించుకుపోతుంది, మరీ తగ్గిస్తే తెర దాటిపోతుంది. చేపల విషయంలో ఇది మరీ ముఖ్యం. చుక్కకు నీడ అంటుకుని ఉంటే చేప నేల మీదే ఉంది. నీడ దూరంగా పడితే చేప పైన ఈదుతోంది, గాలాన్ని అంత కిందికి దించనక్కరలేదు.