ఆకులు రాల్చిన చెట్టు చెప్పే చలికాలం

చిరంజీవులకు ఆశీస్సులు.

చెట్టు కాండంలో ఏటా ఒక వలయం ఏర్పడుతుందని మీరు చదువుకొనే ఉంటారు. చలికాలంలో ఆకులు రాల్చి ఎదుగుదల ఆపేసే చెట్టుకు ఆ చలికాలం సంగతి ఎలా తెలుస్తుందని మీలో ఎవరైనా అడిగితే, అది అడగదగిన ప్రశ్నే. కాలిఫోర్నియాలోని దిగువ కొండలపై పెరిగే బ్లూ ఓక్ చెట్లను చూస్తే దానికి జవాబు దొరుకుతుంది.

అక్కడ వానలు మన నైరుతి ఋతుపవనాల్లా వేసవి చివర రావు. చాలా వరకు చలికాలంలోనే, పసిఫిక్ మహాసముద్రం మీదుగా వచ్చే తుఫానులతో కురుస్తాయి. ఒకే తుఫాను దిగువ కొండలపై వానగా, ఎగువన సియెర్రా నెవాడా శిఖరాలపై మంచుగా పడుతుంది. ఆ తరువాత వేసవంతా పొడిగా ఉంటుంది కనుక, వసంతంలో చిగురించే ఓక్‌కు చలికాలంలో నేలలోకి ఇంకిన తేమే ఆధారం. తేమ బాగా ఉంటే వలయం వెడల్పుగా, లేకుంటే సన్నగా వస్తుంది.

వలయాలను చూడటానికి చెట్టును నరకనక్కరలేదు. బోలుగా ఉండే సన్నని బరమాతో బెరడు నుంచి నడిమి దాకా పుల్లంత ముక్కను బయటికి తీస్తారు. గడ్డు కరవు ఏడాదిలో వలయం అసలు కనిపించకపోవచ్చు కాబట్టి, ఊరికే లెక్కపెట్టకుండా, అనేక చెట్ల వలయాల వరుసలను సరిపోల్చి ప్రతి వలయానికీ సంవత్సరం నిర్ణయిస్తారు. 20వ శతాబ్దపు తొలినాళ్లలో అరిజోనాలో ఈ పద్ధతిని పెంపొందించిన ఆండ్రూ ఎలికాట్ డగ్లస్ వృక్షశాస్త్రవేత్త కాదు. సూర్యుని మచ్చల ప్రభావాన్ని వెతుకుతూ చెట్ల దగ్గరికి వచ్చిన ఖగోళ శాస్త్రవేత్త! తరువాత, పరికరాలతో కొలిచిన ఏళ్ల వానతో వలయాల వెడల్పును పోల్చి సంబంధాన్ని లెక్కగట్టి, దాన్ని పాత శతాబ్దాలకు వర్తింపజేస్తారు. అయితే కొలిచిన ఏళ్లలో కొన్నింటిని ముందే పక్కన పెట్టి, వలయాలు వాటిని సరిగా చెబుతున్నాయో లేదో పరీక్షిస్తారు. ఈ పరీక్ష లేని లెక్కను నేనైతే నమ్మను.

2015 ఏప్రిల్ 1న సియెర్రా నెవాడాలో పేరుకున్న మంచు సగటులో దాదాపు 5 శాతమే ఉంది. బ్లూ ఓక్ వలయాలతో పాటు చలికాలపు ఉష్ణోగ్రతను తెలిపే వేరే చెట్ల వలయాలను కూడా కలిపి చూసిన పరిశోధకులు, గత 500 ఏళ్లలో అంత తక్కువ మంచు లేదని అదే ఏడాది సెప్టెంబరులో ప్రకటించారు. ఉష్ణోగ్రతను కూడా ఎందుకు చూశారంటే, చలికాలం వెచ్చగా ఉంటే తుఫాను వచ్చినా మంచుకు బదులు వానే పడుతుంది. ఇక నేల పూర్తిగా తడిశాక ఎంత వాన కురిసినా చెట్టు అంతకు తగ్గట్టు పెరగదు కనుక, కరవు చలికాలాలను చెప్పినంత నిక్కచ్చిగా వరద చలికాలాలను ఈ వలయాలు చెప్పలేవు.

ఇట్లు,
మీ తాతయ్య