బోన్సాయ్‌ని పస్తులు పెట్టరు: పెరటి చెట్ల మీద అపోహలు, వాస్తవాలు

తిరుపతిలో మా పెరట్లో ట్రేల్లో బోన్సాయ్‌గా, అంటే చిన్నగానే ఉండేలా పెంచుతున్న రావి, జువ్వి, చింత చెట్లను చూసినవాళ్లలో చాలామంది, "పాపం, తిండి పెట్టకుండా పొట్టిగా చేశారే!" అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది.

అపోహ: బోన్సాయ్ అంటే చెట్టును హింసించడమే.

వాస్తవం: తిండి లేని చెట్టు పొట్టిగా ఉండదు, చచ్చిపోతుంది. కొమ్మల్నీ వేర్లనూ అదనుకు కత్తిరిస్తాం కాబట్టే ఇది చిన్నగా ఉంటుంది. పోసే నీళ్లతో పాటు సారమంతా అడుగు రంధ్రాల్లోంచి పోతుంది కాబట్టి, నేలలోని చెట్టు కన్నా దీనికే ఎక్కువసార్లు ఎరువు వేయాలి. వాషింగ్టన్‌లోని బోన్సాయ్ మ్యూజియంలో ఉన్న ఒక పైన్ చెట్టును 1625 నుంచి పెంచుతున్నారు. 1945లో హిరోషిమా మీద బాంబు పడినప్పుడు అది ఆ ఊళ్లోనే ఉంది. 1976లో జపాన్ నుంచి అమెరికాకు కానుకగా వెళ్లింది. పస్తులతో అన్నేళ్లు బతుకుతుందా?

అపోహ: రోజూ ఒక గ్లాసు నీళ్లు పోస్తే చాలు.

వాస్తవం: ఎక్కువ చెట్లు పోయేది ఈ లెక్క వల్లే. మట్టిలో ఒక వెదురు పుల్ల గుచ్చి ఉంచండి. తీసి చూస్తే కొస తడిగా, ముదురు రంగులో ఉందా, ఆగండి. ఆరిపోతున్నట్టుందా, అడుగు నుంచి కారేదాకా పోయండి. మే నెలలో ఇక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు పొద్దునా సాయంత్రమూ పోయాలి, మధ్యాహ్నం షేడ్ నెట్ కావాలి. నవంబర్‌లో వాయుగుండం పట్టి ముసురు వదలకపోతే దీనికి పూర్తిగా విరుద్ధం: ట్రే ఒకవైపు కింద ఇటుక ముక్క పెట్టి వాలుగా ఉంచండి, నిలిచిన నీరు దిగిపోతుంది. వేర్లు కుళ్లిన చెట్టు కూడా ఆకులు వాలేస్తుంది. దాహమనుకుని ఇంకా నీళ్లు పోస్తే అంతే.

మట్టి సంగతీ ఇలాంటిదే. మన ఎర్రమన్ను ఒక్కటే నింపితే తడికి బంకలా పట్టేస్తుంది, ఎండకు గట్టిపడుతుంది. శనగగింజంత ఇటుక ముక్కలు, ముతక ఇసుక, కొంచెం వర్మి కంపోస్ట్ కలపండి. ఇటుక పొడిని తప్పకుండా జల్లెడ పట్టి తీసేయాలి.

అపోహ: హాల్లో టీవీ పక్కన పెంచుకోవచ్చు.

వాస్తవం: ఇవి ఎండ కావాల్సిన చెట్లు. చుట్టాలొస్తే ఒకటి రెండు రోజులు లోపల ఉంచండి, చాలు.

"బోన్సాయ్ విత్తనాలు" అని అమ్మేవి మామూలు చెట్ల విత్తనాలే. అలాగే, పెంపకంలో ఆకులు చిన్నవవుతాయి గానీ కాయలు చిన్నవి కావు. కాస్తే చింతకాయ మామూలు సైజులోనే కాస్తుంది. ఫొటోల్లో కనిపించే జూనిపర్ చెట్టు కోసం ఆశపడకండి, దానికి చలికాలంలో మంచి చలి కావాలి. మన ఎండకు రావి, మర్రి, జువ్వి, కాగితం పూల చెట్టు హాయిగా తట్టుకుంటాయి.

ముదురు మొదలున్న మొక్క కోసం శేషాచలం అడవిలో తవ్వి తెచ్చుకోవచ్చని కొందరనుకుంటారు. అది నేరం, అడవికి నష్టం కూడా. పాత మిద్దెల పిట్టగోడ పగుళ్లలో మొలిచే రావి మొక్కలు చూడండి. ఇంటివాళ్లను అడిగి, వానలు మొదలయ్యాక, వేరు తెగకుండా నెమ్మదిగా తీసి ముందు మామూలు కుండీలో నాటండి. అది బాగా నిలదొక్కుకున్నాకే ట్రేలోకి మార్చాలి.