సర్కారు చేతిలో వైద్యం: ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో వినిపించే అపోహలు, వాస్తవాలు

ఒకప్పుడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేసి, ప్రస్తుతం నల్లగొండలో ఆరోగ్యశ్రీ రోగులను చేర్చుకునే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో వైద్యుడిగా ఉన్న నేను, "వైద్యం సర్కారు చేతిలో పడితే మన ప్రాణం ఫైలు పాలవుతుంది" అన్న మాటను రోగుల బంధువుల నోటా, తోటి వైద్యుల నోటా తరచుగా వింటుంటాను. ఆ అనుమానాన్ని నేను తేలిగ్గా తీసిపారేయను. అయితే నిజంగా నిలదీయవలసిన చోటును వదిలి, మరో చోట భయపడుతున్నామన్నది నా అభిప్రాయం.

అపోహ: ఏ మందు ఇవ్వాలో, ఎవరికి ఆపరేషన్ చేయాలో అధికారులే నిర్ణయిస్తారు.

వాస్తవం: సర్కారు దవాఖానలో రోగిని పరీక్షించేదీ, చీటీ రాసేదీ వైద్యుడే. ఆరోగ్యశ్రీలో ముందస్తు అనుమతి కోసం మేం పంపే రిపోర్టులను, స్కాన్లను పరిశీలించేది కూడా వైద్యులే. 2007 ఏప్రిల్‌లో ఈ పథకం తొలిసారి మొదలైన మూడు జిల్లాల్లో మన మహబూబ్‌నగర్ ఒకటి. ఈ అనుమతుల పద్ధతి పాలమూరు ప్రజలకు కొత్తేమీ కాదు. అనవసరంగా కత్తి పెట్టకుండా చూడడానికి మరో వైద్యుడి కన్ను ఉండడం రోగికి మంచిదేనని నేను నమ్ముతాను. ముఖ్యంగా చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకుని వచ్చిన ఆడవాళ్లను చూసినప్పుడు ఆ నమ్మకం మరింత గట్టిపడుతుంది.

అధికార యంత్రాంగానికి అసలు పట్టు ఉన్నది చీటీ చుట్టూ ఉండే విషయాల మీద: ఏ మందులు కొనాలి, ఎంత నిల్వ ఉంచాలి, ఏ ఆపరేషన్‌కు ఎంత చెల్లించాలి, ఆ డబ్బు ఎప్పుడు విడుదల చేయాలి. ఆరోగ్య కేంద్రానికి మందులు రాష్ట్ర వైద్య సేవల కార్పొరేషన్ కొనుగోళ్ల ద్వారా వస్తాయి. అక్కడ ఆలస్యమై షుగరు మాత్రలు అయిపోతే, వైద్యుడు ఎంత సరైన మందు రాసినా కూలికి పోయే మనిషి దాన్ని బయట కొనాలి, లేదా మానేయాలి. చాలామంది మానేస్తారు.

అపోహ: ప్రాణం మీదికి వచ్చినా అనుమతి వచ్చేదాకా వైద్యం మొదలుపెట్టరు.

వాస్తవం: అత్యవసర కేసుల్లో ఫోను ద్వారా అనుమతి తీసుకుని వెంటనే చికిత్స మొదలుపెట్టే వీలు ఉంది. ఎవరైనా మిమ్మల్ని ఆపితే ఆసుపత్రిలో ఈ పథకం రోగులకు సాయపడే ఆరోగ్యమిత్రను అడగండి, లేదా 104కు ఫోన్ చేయండి.

అపోహ: ప్రైవేటు బీమా ఉంటే ఎవరి అనుమతులూ అక్కరలేదు.

వాస్తవం: నగదు రహిత చికిత్సకు బీమా కంపెనీ ముందస్తు అనుమతి తప్పనిసరి. పాలసీకి ముందే ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా నిరీక్షణ కాలం పెట్టుకునే హక్కు కూడా కంపెనీకి ఉంది. అక్కడా ఫైలు ఉంటుంది. ఆ ఫైలు గురించి నిలదీయడానికి మాత్రం మన ఎమ్మెల్యే గానీ, కలెక్టరేట్‌లో ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణి గానీ పనికిరావు.

అపోహ: ఆరోగ్యం విషయంలో ప్రభుత్వం వేలు పెట్టకపోవడమే మేలు.

వాస్తవం: నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడ్ నీటి బారిన పడిన మర్రిగూడ, నాంపల్లి, చండూరు ప్రాంతాల వాళ్లు ఈ మాట అనగా నేను వినలేదు. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించి ఏళ్ల తరబడి ఒంట్లోకి చేరితే పళ్లు గారకడతాయి, మోతాదు ఇంకా ఎక్కువైతే ఎముకలు వంగిపోతాయి. అలా వంగిన ఎముకను తిరిగి నిలబెట్టే మందు ఏ వైద్యుడి దగ్గరా లేదు. పటికతోను, సున్నంతోను ఫ్లోరైడ్‌ను తొలగించే విధానాన్ని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించింది. దానికి మన జిల్లా పేరే పెట్టి నల్లగొండ విధానం అన్నారు. ఆ తర్వాత కృష్ణా నీళ్లు పైపుల్లో ఊళ్లకు చేరాయి. ఇవన్నీ ప్రభుత్వ ఖర్చుతో, ఇంజినీర్ల ఫైళ్ల మీద జరిగిన పనులే. వేలు పెట్టడంలో జరిగిన తప్పు ఏమిటంటే, తరాలు వంగిపోయేదాకా ఆలస్యం చేయడం.

ఆ ఆలస్యమే నేటికీ అసలు సమస్య. 2023 డిసెంబరు 9న ఆరోగ్యశ్రీ పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షల రూపాయలకు పెంచారు. పేద కుటుంబానికి అది పెద్ద ఊరట. కానీ ఆసుపత్రులకు రావలసిన బకాయిలు పేరుకుపోయి, 2025 సెప్టెంబరులో ఈ పథకంలో చేరిన నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేస్తున్నామని ప్రకటించే దాకా వచ్చింది. అలాంటప్పుడు పెద్ద ఆసుపత్రులు ఎలాగో తట్టుకుంటాయి. నర్సుల జీతాలు ఆగేదీ, వచ్చిన రోగిని హైదరాబాద్ పొమ్మనేదీ జిల్లా కేంద్రాల్లోని చిన్న ఆసుపత్రుల్లోనే. అందుకే నేను కోరేవి మూడు: ప్రతి బిల్లుకు చెల్లింపు గడువు రాతపూర్వకంగా ఉండాలి, ఆ గడువు దాటితే ప్రభుత్వమే వడ్డీ కట్టాలి, ప్రతి ఆరోగ్య కేంద్రంలో ఏ మందు ఎంత నిల్వ ఉందో బయట గోడ మీద రోజూ రాసి పెట్టాలి.